బల్లి శాస్త్రం, ఐదు వోల్టులు

మేనల్లుడు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టిన వస్తువు పెన్‌డ్రైవ్ కన్నా కాస్త పెద్దది. వీపుకి అల్యూమినియం హీట్‌సింక్ అతికించి ఉంది. "మావయ్యా, ఇది బతికుందో లేదో చూసి చెప్పు" అన్నాడు. హాస్టల్లో సీనియర్ ఒకడు గది ఖాళీ చేస్తూ మూడొందలకు అమ్మేశాడట.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు, టేబుల్ ఫ్యాన్లు బాగుచేసే కొట్టు నాది. మా అప్పను ఇచ్చింది ఆంధ్రాలోని పాతపట్నం. ఆటో ఎక్కితే పావుగంటలో దిగిపోతాం, కాకపోతే మధ్యలో రాష్ట్రం మారుతుంది. వాడు అప్ప కొడుకు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవు దొరికితే మా కొట్టులోనే తేలతాడు.

యూఎస్‌బీ మీటరు మధ్యలో పెట్టి ఆ వస్తువును పాత లాప్‌టాప్‌కి గుచ్చాను. వాడేదో ప్రోగ్రాం నడిపాడు. మీటరు అర ఆంపియరు చూపించింది. ఐదు వోల్టులు, అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు. బతికే ఉంది. రెండు నిమిషాలయ్యాక హీట్‌సింక్ మీద వేలు పెట్టి వెంటనే తీసేశాను.

"సరే, రెండున్నర వాట్లు తింటోంది. తిని ఏం చేస్తోంది?" అని అడిగాను.

మా పనిలో ఏ సామాను వచ్చినా మొదట వేసే ప్రశ్న ఇదే. ఫ్యాను తిన్న కరెంటుకు గాలి ఇస్తుంది, బల్బు వెలుగిస్తుంది. ఇది వేడెక్కడం తప్ప బయటికి ఏమీ ఇవ్వడం లేదు.

"బిట్‌కాయిన్ మైనింగ్ చేస్తోంది మావయ్యా."

ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే నాకు పదమూడు వేలు మిగిలేవి. మాట్లాడే తెలుగులోనే రాయాలని గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టింది మా ఊళ్లో పంతులుగా ఉన్న రోజుల్లోనే. కాబట్టి నేనూ కొట్టులో మాట్లాడే మాటల్లోనే రాస్తున్నాను. వోల్టేజీకి, హబ్బుకి తెలుగు వెతకలేదు.

వాడు తెచ్చినదాని పేరు బ్లాక్ ఎరప్టర్. 2013లో వచ్చిన సరుకు. బిట్‌కాయిన్ అంటే ఇంటర్నెట్లోనే తిరిగే డబ్బు. అది మొదలైంది 2009 జనవరిలో. మొదట్లో మామూలు కంప్యూటర్ ప్రాసెసరుతోనే మైనింగ్ చేసేవారట. తర్వాత గ్రాఫిక్స్ కార్డులు వచ్చాయి. ఆ తర్వాత ఈ ఒక్క పని తప్ప ఇంకేమీ చేతకాని చిప్పులు వచ్చాయి. అలాంటి చిప్పు ఒకటి ఇందులో ఉంది. సెకనుకు 333 మెగాహాష్ దాని వేగం.

హాష్ అంటే ఏమిటో నాకు ఎక్కించడానికి వాడికి ఒక సాయంత్రం పట్టింది. చివరికి నాకు అర్థమైంది మా మామ్మ ఆడిన గవ్వలాటగా. మైనింగ్ అంటే తవ్వకం అంటారు గానీ అందులో తవ్వేదేమీ లేదు. దేశదేశాల్లో జరిగిన లావాదేవీలను ఒక మూటగా కట్టి దానికి 80 బైట్ల తలకాయ పెడతారు. ఆ తలకాయలో మనిష్టం వచ్చినట్టు మార్చుకోదగ్గ అంకె ఒకటి ఉంటుంది. అంకె మార్చిన ప్రతిసారీ మొత్తాన్ని ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కలో రెండుసార్లు తిప్పితే 256 సున్నాలు, ఒకట్లు వరసగా బయట పడతాయి. 256 గవ్వలు విసిరి వరసగా పేర్చినట్టు అనుకోండి. మొదట్లో ఉన్న ఇన్ని గవ్వలూ బోర్లానే పడాలి అని షరతు. ఏ అంకె వేస్తే ఏ గవ్వ ఎలా పడుతుందో ముందుగా చెప్పే దారి లేదు. విసరాలి, చూడాలి, మళ్లీ విసరాలి. ముందుగా ఎవరికి పడితే ఆ మూట వారిది, దానితో వచ్చే కొత్త నాణేలూ వారివే.

ఎన్ని గవ్వలు అన్నది ఆటగాళ్లను బట్టి మారుతుంది. సగటున పది నిమిషాలకు ఒక మూట తేలాలి. ఆడేవాళ్లు పెరిగి త్వరగా తేలుతుంటే, 2016 మూటలకు ఒకసారి షరతు బిగుస్తుంది. దీన్నే డిఫికల్టీ అంటారు. మేం ఈ లెక్కలో పడింది 2024 నవంబరులో. సరిగ్గా ఆ నెలలోనే డిఫికల్టీ 100 ట్రిలియన్, అంటే 100 లక్షల కోట్లు, దాటింది. గవ్వల్లో చెబితే 78, 79 గవ్వలు ఒకేసారి బోర్లా పడాలి. మా మామ్మకు నాలుగు గవ్వలు ఒక్కసారి పడితేనే ఇల్లు ఎగిరిపోయేది.

బ్లాక్ ఎరప్టర్ సెకనుకు 33 కోట్ల సార్లు విసురుతుంది. వాడు ఫోన్లో లెక్క వేశాడు. సగటున ఒక మూట తేలడానికి నాలుగు కోట్ల సంవత్సరాలు. ఇద్దరం టీ తాగడం ఆపి నవ్వాం.

కానీ పురుగు కుట్టేసింది. డబ్బు మీద ఆశ కాదు, ఇంతకన్నా కొత్త చిప్పు అదే ఐదు వోల్టుల మీద ఎంత విసరగలదో చూడాలని. వెతికితే గెక్కోసైన్స్ కంపాక్ ఎఫ్ అనే యూఎస్‌బీ స్టిక్ దొరికింది. పెద్ద పెద్ద మైనింగ్ యంత్రాల్లో వాడే బీఎం1397 చిప్పు అందులో ఒకటే ఉంటుంది. విదేశాల నుంచి తెప్పించాలి. సరుకు, రవాణా, కస్టమ్స్ సుంకం కలిపి పదమూడు వేలు దాటింది. ఇంట్లో నాలుగు వేలని చెప్పాను.

పార్శిల్ విప్పుతుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది. "ఏటండీ అది?"

నేను నోరు తెరిచేలోపే మేనల్లుడు అందుకున్నాడు. "గెక్కోసైన్స్ అత్తా. గెకో అంటే బల్లి, సైన్స్ అంటే శాస్త్రం."

"నాలుగు వేలు పోసి బల్లి శాస్త్రం కొన్నారా? పంచాంగం వెనకాల ఊరికే ఇస్తారు కదా!"

ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు బల్లి.

బల్లిని నడపడానికి పాత రాస్ప్‌బెర్రీ పై బోర్డు ఒకటి మా వాడే తెచ్చాడు. పేకముక్కంత కంప్యూటర్ అది. అందులో వేయాల్సిన ప్రోగ్రాం సీజీమైనర్. దాన్ని రాసిన కాన్ కోలివాస్ ఆస్ట్రేలియాలో మత్తు డాక్టరని తెలిసి నాకు భలే సరదా వేసింది. ఆపరేషన్ థియేటర్లో మనుషులకు మత్తిచ్చి, ఇంటికెళ్లి ఈ పని చేశాడన్నమాట. మామూలు సీజీమైనర్ మా బల్లిని గుర్తుపట్టదు. ఈ జాతి స్టిక్కుల కోసం మార్చిన రకాన్ని తెచ్చి, మన బోర్డు మీదే కంపైల్ చేసుకోవాలి, అంటే బోర్డుకు అర్థమయ్యే భాషలోకి మార్చుకోవాలి. మూడు రాత్రులు పోయాయి. వాడు పాతపట్నం నుంచి వీడియో కాల్లో ఒక్కో అక్షరం చెబుతుంటే నేను రెండు వేళ్లతో కొట్టేవాడిని. ఒక చోట ఒక గీత కొట్టాల్సింది, నేను రెండు కొట్టాను. ఆ తప్పు దొరికేసరికి రాత్రి ఒంటిగంట. మిగతా రెండు రాత్రుల సంగతి రాసినా చదివేవాళ్లకు ఏమీ ఒరగదు.

వచ్చిన బిట్‌కాయిన్లు పడే సంచి లాంటిది వాలెట్. అది పెట్టుకునేటప్పుడు పన్నెండు ఇంగ్లీషు మాటలు ఇస్తుంది. అవి పోతే డబ్బు పోయినట్టే. ఇంకొకరికి దొరికితే డబ్బు వాళ్లది. ఒక చీటీ మీద రాసి బీరువాలో పెట్టాను. మా ఆవిడ చూసి ఎవరికో రాసిన ఉత్తరం అనుకుని రెండు రోజులు మాట్లాడలేదు. ఆ మాటలకు ఒకదానితో ఒకటి పొంతన ఉండదు మరి, రహస్యంగానే కనబడతాయి.

మొదటి రాత్రి పది నిమిషాలు నడిచింది. స్క్రీన్ మీద 180 గిగాహాష్, 200, 220 అని పెరుగుతూ వచ్చి ఉన్నట్టుండి ఆ వరసలో జాంబీ అని పడింది. సీజీమైనర్ భాషలో జాంబీ అంటే యంత్రం తగిలించే ఉంది గానీ పిలిస్తే పలకడం లేదని. తీసి గుచ్చితే లేస్తుంది, పది నిమిషాలకు మళ్లీ చస్తుంది.

మేనల్లుడు ప్రోగ్రాంలోనే తప్పుందని పట్టుపట్టాడు. సెట్టింగులు మార్చాడు, మళ్లీ కంపైల్ చేయించాడు. రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు బల్లిని కొట్టుకు తీసుకెళ్లి మీటరు తీశాను.

బల్లిని గుచ్చింది బజార్లో 450 రూపాయలకు కొన్న యూఎస్‌బీ హబ్బుకు. దానికి వేరే అడాప్టరు, మీద 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని రాసి ఉంది. బల్లి లేకుండా చూస్తే 5.1 వోల్టులు. ముచ్చటగా ఉంది. కానీ లోడు లేకుండా వోల్టేజీ చూసి బాగుంది అనేవాడు మా పనిలో ఇంకా పిల్లకాయ కింద లెక్క. బల్లిని నడిపిస్తూ దాని మూతి దగ్గరే ప్రోబులు ఆనించాను. 4.38.

తొమ్మిది వాట్లు లాగే యంత్రానికి ఐదు వోల్టుల దగ్గర 1.8 ఆంపియర్లు కావాలి. పాత యూఎస్‌బీ సాకెట్టు ఇవ్వడానికి ఒప్పుకున్నదే అర ఆంపియరు. హబ్ మూత తీసి చూస్తే లోపల తీగలు తలవెంట్రుకల్లా ఉన్నాయి. అంత కరెంటు ఆ వెంట్రుకల్లోంచి వెళ్లాలంటే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. బల్లి లోపలి రెగ్యులేటరుకు వచ్చే వోల్టేజీ తగ్గినా చిప్పుకు అందాల్సిన వాట్లు తగ్గవు. అందుకని అది ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఎక్కువ లాగితే దారిలో ఇంకా పడుతుంది. అలా పడుతూ పడుతూ ఒక చోట కళ్లు తేలేస్తుంది. స్క్రీన్ దానికి పెట్టిన పేరు జాంబీ. పల్లెల్లో లైను చివర ఉన్న ఇంట్లో మోటారు వేస్తే జరిగేది కూడా ఇదే. లో వోల్టేజీకి కాలిపోయిన మోటార్లు నా దగ్గరికి వారానికి నాలుగైనా వస్తాయి. అయినా చేతిలో పట్టే వస్తువు కదా అని నాకు మొదటిరోజే తట్టలేదు.

మందు తెలిసిందే. అక్షరాలు పరిగెత్తే ఎల్‌ఈడీ బోర్డులకు వాడే 5 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ అనే సప్లై పెట్టె ఒకటి కొట్టులో పడి ఉంది. పూర్తిగా లాగితే 40 ఆంపియర్లు ఇస్తుంది. హబ్బులో వెంట్రుకలన్నీ పీకేసి, దాని పవర్ గీతల మీదికి నేరుగా లావుపాటి రాగి తీగ టంకం పెట్టాను. మధ్యలో ఒక ఫ్యూజు వేశాను. ఐదు వోల్టులు షాక్ కొట్టవు గానీ 40 ఆంపియర్ల సప్లై షార్టయితే తీగ ఎర్రగా కాలుతుంది. టంకం పట్టని వాళ్లు ఈ జోలికి పోకుండా మంచి హబ్ డబ్బిచ్చి కొనుక్కోవడమే మేలు.

అంతా బిగించి రాస్ప్‌బెర్రీ పై ప్లగ్గు తీశాను, మొదటినుంచి మొదలుపెడదామని. ప్లగ్గు నా చేతిలో ఉంది, బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఒక్క క్షణం భయం వేసింది. తర్వాత అర్థమైంది, హబ్బుకు నేనిచ్చిన ఐదు వోల్టులు కేబుల్లోంచి వెనక్కి ఎక్కి బోర్డును వెలిగిస్తున్నాయి. రెండు సప్లైలు ఒకదాన్నొకటి తోసుకుంటే రెండింటికీ చేటు. హబ్బుకూ బోర్డుకూ మధ్య ఉన్న కేబుల్ తొక్క వలిచి, నాలుగు తీగల్లో ఎర్రదాన్ని మాత్రం కోసేశాను. నలుపు, ఆకుపచ్చ, తెలుపు ఉంచాను. మాటలు వాటిలోంచి వెళ్తాయి, తిండి వేరే దారిలో వస్తుంది. ఎస్‌ఎంపీఎస్ మీద చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి 5.15కు పెట్టాను. లోడు మీద బల్లి మూతి దగ్గర సరిగ్గా 5.0.

ఆ రాత్రి బల్లి చిప్పు వేగాన్ని 400 మెగాహెర్ట్జ్‌కు పెంచి పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే 268 గిగాహాష్, జాంబీ లేదు. పక్కన కంప్యూటర్ పెట్టెలోంచి తీసిన ఫ్యాను బుర్రుమంటోంది. సెకనుకు 26,800 కోట్ల విసుర్లు. తలకాయలో మార్చుకునే అంకెకు 429 కోట్ల రకాలే ఉన్నాయి. అవన్నీ సెకనులో అరవయ్యో వంతులో అయిపోతాయి. అందుకని మూటలోనే ఇంకేదో మార్చి తాజాగా మొదలుపెట్టాలి. అది సీజీమైనరే చూసుకుంటుంది.

ఈ ఆట ఒంటరిగానైనా ఆడొచ్చు, పూల్‌లో చేరైనా ఆడొచ్చు. పూల్ అంటే చీటీపాట లాంటిది. అందరూ కలిసి విసురుతారు, ఎవరికి పడినా విసిరిన లెక్కన పంచుకుంటారు. మొదట అలాంటిదాన్లోనే చేరాను. ఇక్కడ లెక్క చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేది ఇదే. 2024 ఏప్రిల్లో మూటకు వచ్చే కొత్త నాణేలు సగమై 3.125 బిట్‌కాయిన్లకు దిగాయి. ఒక బిట్‌కాయిన్‌కు పది కోట్ల సతోషీలు. మా బల్లి వాటా సగటున రోజుకు 17 సతోషీలు. డిసెంబరులో బిట్‌కాయిన్ లక్ష డాలర్లు దాటింది, అంటే మన డబ్బుల్లో సుమారు 85 లక్షలు. అంత ధర ఉన్నప్పుడు కూడా 17 సతోషీలంటే రూపాయి నలభై పైసలు.

ఖర్చు సంగతికొస్తే బల్లి, బోర్డు, ఫ్యాను, ఎస్‌ఎంపీఎస్ తినేది అన్నీ కలిపి గోడ సాకెట్టు దగ్గర 17 వాట్లు చూపించింది మీటరు. రోజుకు 0.4 యూనిట్లు. యూనిట్ సగటున ఐదు రూపాయలు వేసుకున్నా రెండు రూపాయలు. నెలకు అరవై రూపాయల కరెంటు పోసి నలభై రూపాయల సరుకు తీస్తున్నాను. ఆ నలభై కూడా చేతికి రాదు. నేను చేరిన పూల్ లక్ష సతోషీలు పోగైతే గాని పంపదు. రోజుకు 17 చొప్పున అది పదహారేళ్ల పని.

ఇరవై రోజులు చూసి సోలోకు, అంటే ఒంటరి ఆటకు, మారిపోయాను. ఆ మత్తు డాక్టరే నడిపే సోలో పూల్ ఒకటుంది. పేరు నమోదు లేదు, వాలెట్ అడ్రసే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఏదైనా పర్లేదు. పడితే రెండు శాతం వాళ్లకు, మిగతా మూట మొత్తం మనకు. ఆ ధరల్లో రెండున్నర కోట్ల పైమాట. పడకపోతే సున్నా. సగటున పడాల్సిన కాలం యాభై వేల సంవత్సరాలు. సగటు అంటే రేపు పడకూడదని కాదు. నిన్న విసిరినవి గవ్వలు గుర్తుపెట్టుకోవు, ప్రతి విసురూ కొత్తదే. ఈ ముక్క మా ఆవిడకు చెప్పి ఉండకూడదు. మర్నాటి నుంచి దీపం పెట్టేటప్పుడు దానికీ ఒక పువ్వు పెట్టింది. హీట్‌సింక్ మీద మందారం గంటలో వేగిపోయింది.

సోలోలో చూసుకోవడానికి ఉండేది ఒక్కటే, బెస్ట్ షేర్. ఇప్పటిదాకా మనం విసిరినవాటిలో అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది ఎంత అని. ఇంట్లో దాన్ని స్కోరు అంటారు. మొదటి వారంలో లక్షల్లో ఉండేది, తర్వాత కోట్లలోకి వచ్చింది. సంక్రాంతి దాటాక ఒక తెల్లవారుజామున 51 కోట్లకు ఎగిరింది. కావాల్సింది 100 లక్షల కోట్ల పైనే. గవ్వల్లో చెబితే 60 బోర్లా పడ్డాయి, ఇంకో 18 పడాలి. పద్దెనిమిదే కదా అనిపిస్తుంది. కానీ ఒక్కో గవ్వకూ కష్టం రెట్టింపవుతుంది, పద్దెనిమిదికి రెండు లక్షల రెట్లు దాటుతుంది.

చలికాలంలో జరిగిన తమాషా ఒకటి చెప్పాలి. పుష్యమాసం రాత్రుల్లో హీట్‌సింక్ వెనక గోడ మీద ఒక అసలు బల్లి వచ్చి చేరింది. ఫ్యాను గాలి వెచ్చగా తగిలే చోటు చూసుకుని, పొట్ట గోడకు ఆనించి తెల్లారేదాకా కదిలేది కాదు. మా ఆవిడ దాన్ని తోలనివ్వలేదు. నాకొక్కటే బెంగ, జారి ఎస్‌ఎంపీఎస్ టెర్మినళ్ల మీద పడితే అక్కడ 230 వోల్టులు. దాని మీద ప్లాస్టిక్ డబ్బా మూత బోర్లించి చిల్లులు పెట్టాను. బల్లి పడితే ఏ ఫలమో పంచాంగంలో ఉంది గానీ, బల్లి ఎస్‌ఎంపీఎస్ మీద పడితే ఏమవుతుందో నాకే తెలుసు.

కరెంటు కోతలతో వేరే గొడవ. మా వీధిలో కరెంటు పోగానే పిల్లలంతా "కరెంట్ గలా!" అని ఒక్కసారి అరుస్తారు, తెలుగు పిల్లలూ ఒడియాలోనే అరుస్తారు. 2018లో తిత్లీ తుపాను మా జిల్లాను ఊడ్చేశాక ఇంట్లో పెద్ద ఇన్వర్టరు పెట్టుకున్నాను. బల్లిని దాని మీదే వేశాను. అయినా కరెంటు పోయినప్పుడల్లా రాస్ప్‌బెర్రీ పై ఆరి వెలిగేది. నాలుగోసారో ఐదోసారో మెమరీ కార్డు చచ్చిపోయింది. రాస్తుండగా కరెంటు పోతే ఆ కార్డులు అలాగే పోతాయి. మళ్లీ కంపైల్, మళ్లీ వీడియో కాల్, మళ్లీ రాత్రి ఒంటిగంట.

కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇన్వర్టరు వెనక రెండు మోడ్‌ల స్విచ్చు ఉంటుంది. మామూలు మోడ్‌లో లైను నుంచి బ్యాటరీకి మారడానికి కొంచెం ఆలస్యం చేస్తుంది, ఫ్యానుకు, బల్బుకు ఆ తేడా తెలియదు. కంప్యూటర్లుంటే యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి, అప్పుడు కంప్యూటరు గమనించేలోపే మారిపోతుంది. ఈ మాట రోజుకు ఇద్దరు కస్టమర్లకైనా చెబుతాను. మా ఇంటి ఇన్వర్టరు ఆరేళ్లుగా మామూలు మోడ్‌లోనే ఉంది. స్విచ్చు మార్చాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆరలేదు.

సంగతి ఊళ్లో పాకింది. ఇది మాత్రం నాకు నచ్చలేదు. కాశీనగరం నుంచి బ్యాటరీకి వచ్చే ఒక కస్టమరు కొట్టులో ఎవరూ లేకుండా చూసి దగ్గరికి జరిగాడు.

"గురూ, నెలకెంత వస్తంది?"

"ఇరవై రూపాయలు నష్టం."

"నాకు చెప్పొద్దులే. ఇరవై వేలు తెచ్చాను, నా పేర కూడా ఒకటెట్టు."

మీటరు చూపించాను, లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఆయన కాగితం కేసి కాదు, నా మొహం కేసి చూస్తున్నాడు, నిజం ఎక్కడ దాచానా అని. 2023లో క్రిప్టో పేరుతో నడిచిన ఒక గొలుసు స్కీమును ఒడిశా ఆర్థిక నేరాల విభాగం పట్టుకుంది, ఆ వార్తలు మా వైపు అందరూ చదివారు. చదివినా ఆశ చావదు. అలాంటి స్కీముల్లో మనుషులను చేర్పించమంటారు. మైనింగ్‌లో ఎవరినీ చేర్పించక్కర్లేదు, ఇంకొకడు చేరితే మన వాటా తగ్గుతుంది కూడా. ఆయనకు అది చెప్పి, డబ్బు జేబులో పెట్టించి పంపించాను. తర్వాత బ్యాటరీ నీళ్లకు కూడా వేరే కొట్టుకు వెళ్తున్నాడని విన్నాను.

పన్ను గురించి ఒక్క మాట. బరంపురంలో మాకు తెలిసిన ఆడిటరును అడిగాను. 2022 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అమ్మినప్పుడు ఒక శాతం టీడీఎస్. మైనింగ్‌కు పెట్టిన యంత్రం ఖర్చు అందులోంచి తీసేసుకోవడానికి కుదరదు. "ముందు రానీ, అప్పుడు చూద్దాం" అని నవ్వేశాడు.

మార్చి నెలాఖరుకు ఎండ ముదిరింది. రేకుల వైపు గదిలో మధ్యాహ్నం ఫ్యాను గాలే వేడిగా ఉంటే హీట్‌సింక్ ఎక్కడ చల్లారుతుంది? జాంబీలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి వోల్టేజీ సరిగ్గానే ఉంది, చిప్పుకే వేడి ఎక్కువైంది. 400 మెగాహెర్ట్జ్ నుంచి 300కు దించాను. 201 గిగాహాష్ అయింది, నిలబడింది. కానీ ఏప్రిల్లో డిఫికల్టీ 123 ట్రిలియన్‌కు పోయింది. కూర్చుని మళ్లీ లెక్క వేస్తే సగటు కాలం 83 వేల సంవత్సరాలు తేలింది. ఆరు నెలలు రాత్రింబవళ్లు కష్టపడినందుకు నా వంతు ఇంకో 33 వేల సంవత్సరాలు వెనక్కి జరిగింది. మా ఆవిడకు చెబితే, "రేషన్ లైన్లో కూడా ఇంతే" అంది.

ఇప్పుడు మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా ఆపేస్తున్నాం. ఆపేదీ వేసేదీ ఆవిడే. స్కోరు 51 కోట్ల దగ్గరే ఉంది.

మొన్న వేసవి సెలవులకు మేనల్లుడు వచ్చి సంచిలోంచి కొత్త బోర్డు తీశాడు. బిట్‌యాక్స్ గామా. దాని డిజైన్ అందరికీ తెరిచి పెట్టారు, ఎవరైనా చూసి తయారు చేసుకోవచ్చు. కంప్యూటర్ అక్కర్లేదు, అదే వైఫైలో కలుస్తుంది, చిన్న తెర కూడా ఉంది. సెకనుకు 1.2 టెరాహాష్, అంటే మా బల్లికి ఆరింతలు. "పద్నాలుగు వేల సంవత్సరాలు చాలు మావయ్యా" అన్నాడు, పక్క వీధికి వెళ్లొస్తానన్నంత తేలిగ్గా.

"ముందు అడాప్టర్ చూపించు" అన్నాను.

5 వోల్టులు, 6 ఆంపియర్లు అని రాసి ఉంది. బోర్డు తగిలించి ఐదు నిమిషాలు నడవనిచ్చాను. తర్వాత ప్లగ్గు మూతి దగ్గర ప్రోబులు ఆనించాను. 4.93.

"పెట్టుకో" అన్నాను.